క్లబ్ రేసింగ్‌కు దెబ్బలు తట్టుకునే ఆర్‌సీ టూరింగ్ కారు ఏది కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇన్నాళ్లూ ఖాళీ స్థలాల్లో సరదాకు ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) కారు నడిపారు. ఇప్పుడు 1/10 స్కేలు (అసలు కారులో పదో వంతు సైజు) ఎలక్ట్రిక్ టూరింగ్ కారుతో, అంటే చదునైన ట్రాక్ మీద నడిచే రకంతో, క్లబ్ రేసుల్లో దిగాలనుకుంటున్నారు. రేసు చూడడానికి వెళ్లిన రోజు పిట్ టేబుళ్ల మీద విరిగిన చక్రాలు, ఊడిన ఆర్మ్‌లు చూసి కాస్త టెన్షన్ పడ్డారు. అందుకే "దెబ్బలు తట్టుకుని రెండు మూడు సీజన్లు నిలబడే కారు ఏది? బెల్టా, షాఫ్టా? అల్యూమినియం ఛాసిసా, కార్బనా? కొత్తది కొనాలా, వాడినది సరిపోతుందా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇదే మీ మొదటి సీజన్ అయి, మీ క్లబ్‌లో ఆ క్లాస్ ఉంటే టామియా టీటీ-02 తీసుకోండి. దొరికితే అందులో టైప్-ఎస్ ఇంకా మంచిది. అలా కాకుండా, ఐదు నిమిషాల హీట్ (ఒక విడత పోటీ) మొత్తం ట్రాక్ అంచు బోర్డులకు తగలకుండా నడపగలిగే చెయ్యి ఇప్పటికే ఉంటే, ఒకటి రెండేళ్ల కిందటి మోడల్ బెల్ట్ డ్రైవ్ కారును అల్యూమినియం ఛాసిస్‌తో (అడుగు పలకతో) తీసుకోండి. బెల్ట్ కారులో మోటారు శక్తిని చక్రాల వైపు పళ్ల బెల్టులు మోస్తాయి, షాఫ్ట్ కారులో ఆ పని తిరిగే కడ్డీది. బ్రాండ్ సంగతి మీ ట్రాక్ చూసి తేల్చుకోండి: అక్కడ ఎక్కువమంది దేన్ని నడుపుతున్నారో అదే మీకు గట్టి కారు. రెండు దారుల్లోనూ మొదలుపెట్టాల్సింది 21.5 టర్న్ మోటారు లాంటి నెమ్మది క్లాస్‌లోనే (టర్న్‌లంటే మోటారులోని తీగ చుట్లు, ఆ అంకె తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది).

ఇక కారణాలు.

రేసింగ్ వేగంలో బోర్డుకు కొట్టుకున్నా ఏమీ కాని టూరింగ్ కారు నాకు ఇంతవరకు కనపడలేదు. కారు బరువు క్లబ్ నియమాన్ని బట్టి 1320 నుంచి 1350 గ్రాముల దగ్గర ఉంటుంది. నేలకూ ఛాసిస్‌కూ మధ్య ఉండేది ఐదు మిల్లీమీటర్లు. సస్పెన్షన్ కదిలేది కొద్దిపాటి మిల్లీమీటర్లే. గతుకుల్లో నడిచే బగ్గీకి ఉన్నట్టు దెబ్బను మింగే పొడవాటి ఆర్మ్‌లు, లావుపాటి టైర్లు దీనికి ఉండవు. కాబట్టి ఏ కారునైనా చూసేటప్పుడు నేను మూడు సంగతులు అడుగుతాను. ముందు విరిగే ముక్క ఏది? అది ఎంత చవక? రెండు హీట్ల మధ్య దొరికే సమయంలో దాన్ని మార్చగలమా?

దెబ్బ ఎలా ప్రయాణిస్తుందో ఒకసారి చూడండి. టూరింగ్ కార్లు ఎక్కువగా ముందు చక్రంతోనే కొట్టుకుంటాయి. మలుపులోకి ముందుగా తిరిగితే లోపలి చక్రం కెర్బ్‌కో పైపుకో తగులుతుంది, ఆలస్యంగా తిరిగితే బయటి చక్రం బోర్డుకు తగులుతుంది. ఆ దెబ్బ చక్రం నుంచి స్టీరింగ్ నకిల్‌కు (చక్రాన్ని పట్టుకుని తిప్పే ముక్క), దాని నుంచి సీ-హబ్‌కు (నకిల్‌ను పట్టుకునే సి ఆకారపు ముక్క), తర్వాత సస్పెన్షన్ ఆర్మ్‌కు, ఆర్మ్ లోపలి హింజ్ పిన్నుకు, పిన్నును పట్టుకున్న సస్పెన్షన్ బ్లాక్‌కు, ఆఖరికి బల్క్‌హెడ్ (ఛాసిస్ మీద నిలువుగా బిగించే ముక్క) దాటి ఛాసిస్‌కు చేరుతుంది. ఈ వరుసలో లోపలికి వెళ్లేకొద్దీ ముక్కలు ఖరీదైనవి, విప్పడానికి గంటలు పట్టేవి. బయటివైపు ప్లాస్టిక్ సీ-హబ్, ప్లాస్టిక్ ఆర్మ్ ఇంట్లో ఫ్యూజ్ లాంటివి. అవి పోవాల్సినప్పుడు పోతేనే మిగతావి బతుకుతాయి.

అందుకే కొత్తవాళ్లు చేసే అతి పెద్ద ఖర్చు, అంటే కారు నిండా అల్యూమినియం భాగాలు వేయడం, నేను వద్దంటాను. మా క్లబ్‌లో ఒకతను కొత్త కార్బన్ ఛాసిస్ కారుకు నకిల్, సీ-హబ్, ఆర్మ్ అన్నీ అల్యూమినియంవి బిగించి తెచ్చాడు. చూడడానికి కారు నిజంగా అందంగా ఉంది. క్వాలిఫయింగ్‌లో స్ట్రెయిట్ చివర బోర్డుకు కొట్టుకుంది. పైనుంచి చూస్తే ఏమీ కాలేదు. పిట్‌కు తెచ్చి తిరగేస్తే ముందు సస్పెన్షన్ బ్లాక్ స్క్రూలు వంగి ఉన్నాయి, కార్బన్‌లో ఆ స్క్రూల రంధ్రాలు గుండ్రంగా ఉండాల్సింది కోలగా సాగాయి. ఛాసిస్ మార్చడమంటే కారు మొత్తం విప్పడమే, ఆ రోజుకు అతని రేసు అయిపోయింది. అదే మలుపులో కొట్టుకున్న ఇంకో కుర్రాడి కారులో ప్లాస్టిక్ సీ-హబ్ పుటుక్కుమంది. పిన్ను లాగి, కొత్తది పెట్టి, నకిల్ తిరిగి బిగించుకుని తర్వాతి హీట్‌కు వచ్చేశాడు.

అల్యూమినియం అసలే వద్దని కాదు. దెబ్బ నేరుగా తగలని చోట, లేదా కాస్త వదులైనా కారు పాడయ్యే చోట అది మంచిదే. మోటార్ మౌంట్, సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) మౌంట్, చక్రం వెనక బిగించే హెక్స్, టీటీ-02 లో స్టీరింగ్ సెట్ అలాంటివి. బయట చక్రం నుంచి ఆర్మ్ దాకా మాత్రం కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్‌నే ఉంచండి. కొన్ని బ్రాండ్లు ఆర్మ్‌లను మెత్తనివి, గట్టివి, గ్రాఫైట్ కలిపినవి అని రకరకాలుగా అమ్ముతాయి. గట్టివాటితో కారు చురుగ్గా తిరుగుతుంది గానీ చల్లటి వాతావరణంలో పెళుసుగా విరుగుతాయి. మొదటి ఏడాది మెత్తనివో మధ్యరకమో చాలు.

నైలాన్ ముక్కల గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ ఉన్న నైలాన్ వంగుతుంది, ఎండిపోయిన నైలాన్ పుటుక్కున విరుగుతుంది. ప్యాకెట్‌లో ఎన్నాళ్లుగానో పడి ఉన్న ఆర్మ్‌లు మొదటి దెబ్బకే పోతుంటే కారణం ఇదై ఉండవచ్చు. బిగించే ముందు వాటిని నీళ్లలో ఒక రాత్రి నానబెడితే తేడా తెలుస్తుంది. మరిగే నీళ్లలో వేసేవాళ్లూ ఉన్నారు, కానీ పల్చటి ముక్కలు వంకర పోయే ప్రమాదం ఉంది కాబట్టి నేను మామూలు నీళ్లే వాడతాను.

క్లాస్ ఎంచుకోవడం కూడా మన్నికే. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. ఇది ఏ బ్రాండూ మార్చలేని లెక్క. 21.5 టర్న్ మోటారుతో బోర్డుకు తగిలి దులుపుకుని వెళ్లిపోయే కారే 13.5 తో తగిలితే చక్రం ఊడుతుంది, అన్నిటికంటే వేగమైన మాడిఫైడ్ క్లాస్‌లో అయితే ఛాసిస్ దాకా వెళ్తుంది. "ఈ బ్రాండ్ కార్లు ఊరికే విరుగుతాయి" అని ఎవరైనా అంటే, ముందు వాళ్లు ఏ మోటారుతో నడుపుతున్నారో అడగండి. వేగంగా వెళ్లేవాళ్లను చూస్తే మనకూ అదే కావాలనిపిస్తుంది, అర్థం చేసుకోగలను. కానీ కొత్తవాడికి నెమ్మది క్లాస్‌లో ఒక సీజన్‌లో నడిపే ల్యాప్‌లు, వేగం క్లాస్‌లో నడిపే ల్యాప్‌లకంటే చాలా ఎక్కువుంటాయి. కారు బాగుండి ట్రాక్ మీద ఉన్నప్పుడే కదా నేర్చుకునేది.

ఇప్పుడు టీటీ-02 గురించి. 2013 లో వచ్చిన ఈ కారు ఇప్పటికీ చాలా క్లబ్బుల్లో మొదటి మెట్టు. దీని బలం ఏమిటంటే ఛాసిస్ తొట్టి ఆకారంలో పోతపోసిన ఒకే ప్లాస్టిక్ ముక్క, దెబ్బకు వంగి మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది. డ్రైవ్ షాఫ్ట్‌తో, నాలుగు చక్రాలకూ. గేర్లన్నీ మూతల లోపల ఉంటాయి కాబట్టి తారు మీది ఇసుక రేణువులు లోపలికి పోవు. ఎన్నో కార్లలో స్పర్ గేర్ (మోటారు తిప్పే పెద్ద గేర్) ఒక చిన్న రాయితో పళ్లు పోగొట్టుకుంటుంది, ఇందులో ఆ బాధ దాదాపు లేదు. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, చవక కూడా.

లోపాలూ ఉన్నాయి, కొనేముందే తెలుసుకోండి. చాలా కిట్లలో బేరింగ్‌ల స్థానంలో బుష్‌లు (బంతులు లేని సాదా రింగులు) వస్తాయి. వాటిని మొదట్లోనే 1150 సైజు బాల్ బేరింగ్‌లతో మార్చండి, అంటే 11 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 5 లోపలిది. బుష్‌లతో నడిపితే ఇరుసులు అరిగి చక్రాలు ఊగుతాయి. మామూలు కిట్‌లో వచ్చే ఫ్రిక్షన్ (నూనె లేని) షాకులు రేసింగ్‌కు పనికిరావు, ఆయిల్ షాకులు కావాలి. స్టీరింగ్‌లో వదులు ఎక్కువ. కిట్‌లోని సర్వో సేవర్ (దెబ్బ సర్వోకు చేరకుండా కాచే ముక్క) తీసేసి టామియాదే హై-టార్క్ సర్వో సేవర్ వేస్తే సగం సమస్య పోతుంది. కిట్‌తో వచ్చే 70 పళ్ల స్పర్, 22 పళ్ల పినియన్‌తో (మోటారు ఇరుసు మీది చిన్న గేర్) మొత్తం గేర్ రేషియో దాదాపు 8.27 వస్తుంది, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి మోటారు అన్ని చుట్లు తిరుగుతుంది. పినియన్ బిగించే రంధ్రాలు నిర్ణయించిన చోట్లే ఉంటాయి కాబట్టి ఇష్టమొచ్చిన రేషియో పెట్టుకోలేరు, ఇంకా వేగం కావాలంటే హై స్పీడ్ గేర్ సెట్ అవసరం. 2014 నుంచి ఉన్న టైప్-ఎస్‌లో సస్పెన్షన్ సర్దుబాట్లు, ఆయిల్ షాకులు ముందే వస్తాయి. అందుకే రేసింగ్ మనసులో ఉన్నవాళ్లకు అదే లాభం. విడివిడిగా కొంటే చివరికి ఎక్కువే అవుతుంది.

ఇంకో చిన్న జాగ్రత్త. టామియా స్క్రూలు జపాన్ ప్రమాణం జేఐఎస్ ప్రకారం చేసినవి. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తల చెడుతుంది. జేఐఎస్ డ్రైవర్ ఒకటి కొనుక్కోండి, లేదా హెక్స్ తల స్క్రూల సెట్‌తో మార్చేయండి.

టీటీ-02 ను 17.5 టర్న్, అంతకు మించిన వేగాల్లో నడపాలనుకుంటే నేను ప్రోత్సహించను. నడుస్తుంది, కానీ ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు, డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు), స్టీరింగ్ మూడింటి మీదా ఒక్కొక్కటిగా డబ్బు పెడుతూ పోతారు. మొత్తం కూడితే మంచి వాడిన బెల్ట్ కారు ఖర్చు దగ్గరికి వచ్చేస్తుంది, అయినా ఆ కారు అంత సూటిగా నడవదు.

బెల్ట్ కార్ల విషయానికి వద్దాం. పెద్ద పోటీల్లో రాజ్యం వీటిదే. 2016 లో యోకోమో బ్రాండ్‌తో రొనాల్డ్ ఫోల్కర్, 2018 లో ఎక్స్‌రే బ్రాండ్‌తో బ్రూనో కొయెల్యో ప్రపంచ టైటిల్ గెలిచింది బెల్ట్ కార్లతోనే. షాఫ్ట్ కార్లు గట్టివి కావన్న మాట మాత్రం తప్పు. 1999 లో వచ్చిన టీమ్ అసోసియేటెడ్ టీసీ3 పోతపోసిన ఛాసిస్‌తో, షాఫ్ట్ డ్రైవ్‌తో వచ్చి ఎన్నో క్లబ్బుల్లో ఏళ్ల తరబడి మన్నింది. బెల్టు గెలవడానికి కారణం వేరే: బరువు పంచడం తేలిక, గ్యాస్ ఇచ్చినప్పుడు (అంటే రిమోట్‌తో వేగం పెంచినప్పుడు) ఛాసిస్ ఒకవైపు మెలిపడడం తక్కువ. మన్నికపరంగా చూస్తే బెల్ట్ కారులో చెత్త చేరే చోట్లు ఎక్కువ, కానీ ప్రతి ముక్కా విడిగా మార్చుకోవచ్చు.

ప్రతి ఏటా కొత్త మోడల్ వస్తుంది. ముందు వరుసలో ఉన్నవాళ్లు పాతది అమ్మేసి కొత్తది తీసుకుంటారు. క్లబ్ స్థాయిలో ఆ పాత కారే సరిగ్గా సరిపోతుంది. ఒక్కటే గమనించాలి, తరం మారిందా లేదా అన్నది. ఎక్స్‌రేలో టీ4 తరం 2013 మోడల్‌తో మొదలైంది, 2022 మోడల్‌గా ఎక్స్4 వచ్చింది. టీ4 లో ఒక ఏడాది ముక్కలు చాలావరకు పక్క ఏడాది కారుకు పట్టేస్తాయి. ఎక్స్4 కు మాత్రం చాలావరకు పట్టవు. ఏ బ్రాండ్‌లోనైనా తరం మారాక పాత తరం విడిభాగాలు షాపుల్లో మెల్లగా కరిగిపోతాయి. చవకగా వచ్చింది కదా అని బాగా పాత తరం కారు తీసుకుంటే ఒక ముందు సీ-హబ్ కోసం నెలలు ఎదురుచూడాల్సి వస్తుంది.

అసమాటిక్స్ ఏ800 లాంటి ప్రత్యేక నిర్మాణం ఉన్న కార్ల గురించి కూడా అడిగేవాళ్లుంటారు. మామూలు షాకుల స్థానంలో రోటరీ డ్యాంపర్లతో నడిచే కారు అది, ఇంజినీరింగ్ చూస్తే ముచ్చటేస్తుంది. మీ ట్రాక్‌లో దాన్ని నడిపేవాళ్లు కనీసం ఇద్దరు ముగ్గురు ఉంటేనే దానివైపు చూడండి. లేకపోతే ఒక చిన్న ముక్క పోయినా అడగడానికి మనిషి ఉండడు.

అల్యూమినియమా, కార్బనా? ఇది మీరు ప్రత్యేకంగా అడిగారు కాబట్టి కాస్త వివరంగా. అల్యూమినియం ఛాసిస్ సాధారణంగా 2 మిల్లీమీటర్ల మందం, కార్బన్‌ది 2.2 లేదా 2.25. కార్బన్ తేలిక. కానీ లైపో బ్యాటరీలు వచ్చాక కార్లు ఎలాగూ కనీస బరువు కంటే తక్కువకు దిగుతున్నాయి, నియమం కోసం సీసం ముక్కలు అతికించాల్సి వస్తోంది. అదే బరువు ఛాసిస్ రూపంలోనే నేలకు దగ్గరగా ఉంటే మంచిదే కదా. పైగా అల్యూమినియం అంచు తారు మీద రాసుకున్నా పీచులుగా విడిపోదు, స్క్రూ రంధ్రాలు తొందరగా సాగవు. క్లబ్ రేసర్‌కు నా ఓటు అల్యూమినియానికే.

దాని బలహీనత ఒకటి: వంగితే వంగినట్టే ఉండిపోతుంది. కార్బన్ అయితే తిరిగి లేస్తుంది, లేదంటే పగులుతుంది, పగులు కంటికి కనిపిస్తుంది. అల్యూమినియం వంపు కంటికి ఆనదు. కారు ఎడమకు బాగా తిరిగి కుడికి తిరగనని మొరాయిస్తుంటే, సెటప్ మార్చే ముందు ఛాసిస్‌ను మందపాటి చదునైన గాజు పలక మీద పెట్టి మూలలు ఒక్కొక్కటిగా వేలితో నొక్కండి. టక్ టక్ మని ఊగితే వంగిందన్నమాట. కార్బన్ ఛాసిసే కొంటే బిగించే ముందు అంచులను తడి ఎమరీ కాగితంతో నునుపు చేసి సూపర్ గ్లూ పల్చగా పూయండి. పొడిగా రుద్దకండి, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

విడిభాగాల పెట్టె గురించి. మొదటి రోజే దగ్గర ఉండాల్సినవి: ముందు ఆర్మ్‌లు, సీ-హబ్‌లు, నకిల్‌లు రెండు వైపులవీ, హింజ్ పిన్నులు, బాల్ కప్పులు (లింకు కడ్డీల చివరి ప్లాస్టిక్ ముక్కలు), స్పర్ గేర్ ఒకటి, ఒకట్రెండు పినియన్లు, చక్రాల హెక్స్‌లు, ముందు బంపర్ ఫోమ్. బెల్ట్ కారైతే ముందు స్పూల్ (ముందు చక్రాలు రెంటినీ ఒకే వేగంతో తిప్పే ఇరుసు) కప్పులు, డ్రైవ్ షాఫ్ట్ పిన్ను మీద వేసే చిన్న ప్లాస్టిక్ బ్లేడ్లు కూడా. ఈ బ్లేడ్లు గోరంత ఉంటాయి, అరిగిపోయినా కారు నడుస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ బ్లేడు అరిగాక ఇనుప పిన్ను స్పూల్ కప్పును కోయడం మొదలుపెడుతుంది. రూపాయి ఖర్చుకు పోయే పని పది రూపాయలు అవుతుంది. వెనక చక్రాల వైపు ముక్కలు అంత త్వరగా పోవు, ఒక్కో సెట్ చాలు.

స్క్రూల మాట కూడా చెప్పాలి. రంగురంగుల అల్యూమినియం స్క్రూలు బరువు తగ్గిస్తాయి గానీ ముందు బంపర్, సస్పెన్షన్ బ్లాక్‌ల దగ్గర వాటిని వాడకండి. దెబ్బకు తల తెగిపోయి మిగిలిన భాగం లోపలే ఇరుక్కుంటే తీయడం నరకం. అక్కడ స్టీలు స్క్రూలే ఉండాలి. లోహంలోకి పోయే స్క్రూలకు థ్రెడ్‌లాక్ ఒక చుక్క వేయండి. ప్లాస్టిక్‌లోకి పోయేవాటికి వేయవద్దు, కొన్ని ప్లాస్టిక్‌లను అది తినేసి పగుళ్లు తెస్తుంది.

ఎంత మంచి కారైనా అరిగేది చెత్త వల్ల. తారు ట్రాక్ అయితే ఇసుక రేణువులు బెల్టు పళ్లలో, బేరింగుల్లో చేరతాయి. కార్పెట్ ట్రాక్ అయితే దారపు పోగులు ఇరుసుల చుట్టూ చుట్టుకుని బేరింగ్ సీలు లోపలికి దూరతాయి. ప్రతి రేసు రోజు ముగిశాక చక్రాలు తీసి, మెత్తటి బ్రష్‌తో దులిపి, పట్టకారుతో ఆ పోగులు లాగేయండి. పావుగంట పని కూడా కాదు. ఈ ఒక్క అలవాటు ఉన్నవాళ్ల కార్లు మూడో సీజన్‌లోనూ కొత్తవాటిలా తిరగడం నేను చూశాను.

నడిపేటప్పుడు ఒక నియమం: కారు తగిలిన క్షణమే గ్యాస్ వదిలేయండి. బోర్డుకు ముక్కు ఆనించి గ్యాస్ నొక్కుతూ ఉంటే చక్రాలు తిరగవు, మోటారు మాత్రం లాగుతూనే ఉంటుంది. స్పూల్ కప్పులు, స్పర్ పళ్లు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) అన్నీ అక్కడే దెబ్బతింటాయి. మార్షల్ (ఇరుక్కున్న కార్లను సరిచేసే మనిషి) చెయ్యి పెట్టే సమయానికి చక్రం తిరుగుతుంటే అతని వేళ్లకూ ప్రమాదమే. మొదట్లో రేడియోలో (రిమోట్‌లో) గ్యాస్ గరిష్ఠ పరిమితిని 70 శాతానికి తగ్గించి నడపండి. ల్యాప్ టైము పెద్దగా పోదు, చాలామందికి మెరుగవుతుంది కూడా.

వాడిన కారు కొనేటప్పుడు నేను చూసే తీరు ఇది. ముందు స్క్రూ తలలు. హెక్స్ రంధ్రాలు గుండ్రంగా అరిగిపోయి ఉంటే ఆ కారును సరైన పనిముట్లతో చూసుకోలేదని అర్థం, అక్కడే నా ఉత్సాహం సగం తగ్గుతుంది. తర్వాత షాకులు కింది వైపు ఊడదీసి ఒక్కో ఆర్మ్‌ను పైకెత్తి వదులుతాను. తన బరువుతో తనే మెత్తగా కిందికి పడాలి. మధ్యలో ఆగిపోతే హింజ్ పిన్ను వంగింది, లేదా బ్లాక్ కదిలింది. పిన్ను తీసి గాజు మీద దొర్లిస్తే వంపు ఉందో లేదో తెలిసిపోతుంది. షాక్ రాడ్‌ను కూడా అలాగే.

తర్వాత వెనక డిఫ్ (డిఫరెన్షియల్). ఒక వెనక చక్రాన్ని పట్టుకుని రెండోదాన్ని తిప్పితే నూనెలో కదిలినట్టు మెత్తగా, ఒకే బిగువుతో రావాలి. గరగరలాడితే లోపల గేర్లు పోయాయి. డిఫ్ డబ్బా చుట్టూ నూనె మరకలుంటే ఓ-రింగులు మార్చాలి, అది పెద్ద ఖర్చు కాదు, బేరం ఆడడానికి పనికొస్తుంది. ముందు స్పూల్ కప్పుల లోపల గోరు పెట్టి రాసి చూడండి. పిన్ను ఆడే చోట గోరు ఇరుక్కునేంత గాడి పడితే కప్పులు మార్చాలి. బెల్టులను వేళ్ల మధ్య వంచి పళ్ల మొదట్లో పగుళ్లున్నాయేమో చూస్తాను.

ఆఖరున ముందువైపు సరిగ్గా మధ్యలో ఒక సన్నటి కత్తి అంచు పెట్టి కారును నెమ్మదిగా పైకెత్తుతాను. ముందు చక్రాలు రెండూ ఒకేసారి నేల వదలాలి. ఒకటి ముందు లేచి ఒకటి ఉండిపోతే ఛాసిస్ మెలిపడి ఉంది, లేదా షాక్ స్ప్రింగుల సర్దుబాటు ఎడమకు కుడికి తేడాగా ఉంది. పై డెక్ (ఛాసిస్ పైన బిగించే పలక) స్క్రూలు వదులు చేసి చదును పలక మీద మళ్లీ బిగిస్తే సరైపోతే సంతోషం. అప్పటికీ సరికాకపోతే ఛాసిస్ ఖర్చు కలుపుకుని ధర ఆలోచించండి.

బాడీ షెల్ విషయంలో ఒక్క మాట. పల్చటి 0.5 మిల్లీమీటర్ల షెల్ తేలిక, కానీ కొత్తవాళ్ల చేతిలో ఎక్కువ రోజులు ఉండదు. 0.7 మందం ఉన్న మామూలు రకం తీసుకోండి. రంగు వేశాక లోపలివైపు ముందు మూలల్లో, చక్రాల కోతల దగ్గర ఫైబర్‌గ్లాస్ జాలీ టేపు పెట్టి పైన షూ గూ జిగురు పూస్తే ఆయుష్షు బాగా పెరుగుతుంది. బంపర్ ఫోమ్ బాడీ ముక్కుకు లోపల గట్టిగా ఆని ఉండాలి. మధ్యలో ఖాళీ ఉంటే దెబ్బ ముందు షెల్ పగలగొట్టి ఆ తర్వాతే ఫోమ్‌కు చేరుతుంది.

ఎలక్ట్రానిక్స్‌లో మన్నికకు ముఖ్యమైంది సర్వో. లోహపు గేర్లున్నదే తీసుకోండి, ప్లాస్టిక్ గేర్లు ఒకే దెబ్బకు పోతాయి. మిగతావి క్లబ్ నియమాలు చూసి కొనండి. 2ఎస్ (రెండు సెల్‌ల) లైపో బ్యాటరీని 8.4 వోల్టులకు మించి ఛార్జ్ చేయకండి. రేసు అయ్యాక సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచండి. గట్టి కేసు ఉన్న బ్యాటరీనే వాడండి, దెబ్బ తగిలి కేసు పగిలినా ఉబ్బినా మళ్లీ ఛార్జర్‌కు తగిలించవద్దు.

మీరు డబ్బు పెట్టే ముందు ఒక రేసు రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిట్‌లో కూర్చోండి. ఎవరి కారు విరిగింది అన్నది కాదు, విరిగిన కారు ఎంతసేపట్లో మళ్లీ ట్రాక్ మీదికి వచ్చింది, ముక్క ఎవరి దగ్గర దొరికింది అన్నది గమనించండి. మొహమాటం లేకుండా అడగండి, చాలామంది సంతోషంగా చెప్తారు. ఆ తర్వాత మీ క్లబ్‌లో ఉన్న క్లాసులు, ట్రాక్ తారుదా కార్పెట్‌దా, ఎక్కువమంది నడిపే రెండు మూడు కార్లు, మీ బడ్జెట్ ఇక్కడ రాయండి. వాటిని బట్టి ఏ మోడల్ ఏడాది వరకు వాడినది తీసుకోవచ్చో, ఏ గేర్ రేషియోతో మొదలుపెట్టాలో వివరంగా చెప్తాను.